గైడు పుస్తకం చంకన పెట్టుకుని వేగాస్‌కి

అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు ఏమేం చూడాలో ఎవరో జీవో జారీ చేసినట్టు ముందే ఖరారై ఉంటుంది. పిల్లలు తూర్పున ఉంటే నయాగరా, పడమరన ఉంటే లాస్ వేగాస్. కొసరుగా హూవర్ డ్యామ్, గ్రాండ్ కాన్యన్. మావాడు ఉండేది కాలిఫోర్నియాలో కాబట్టి మాకు వేగాస్ పడింది. చదవకుండా పరీక్షకి వెళ్ళే అలవాటు నాకు లేదు. వాడి ఊరి లైబ్రరీలో వేగాస్ మీద ఉన్న గైడు పుస్తకాలన్నీ మోసుకొచ్చి నోట్సు రాసుకున్నాను.

"వీటిలో ఒక్కటి ధర్మరాజు చేతిలో పడి ఉంటే భారతం సభాపర్వంతోనే అయిపోయేది" అన్నాను మా ఆవిడతో.

"చదివినా ఆయన ఆడేవాడే లెండి" అంది.

నిజానికి ఆ పుస్తకాల్లో నిజాయితీ ఉన్నవి జూదం పేజీలే. రౌలెట్ చక్రంలో ఒకటి నుంచి ముప్ఫయ్యారు దాకా అంకెలు, వాటికి తోడు సున్నా, జంట సున్నా, వెరసి 38 గళ్ళు. మీ అంకె తగిలితే ఇచ్చేది 35 రెట్లు. అంటే వంద డాలర్ల పందానికి సగటున అయిదు డాలర్ల పావలా కాసినోవాడికి సమర్పయామి. బ్లాక్‌జాక్ అనే పేకాట బల్ల మీద పరిచిన గుడ్డ చదవకుండా కూర్చోవద్దని కూడా రాశారు. మూడుకి రెండు అని ఉంటే, పది డాలర్లు కాసినవాడికి బ్లాక్‌జాక్ పడినప్పుడు పదిహేను వస్తాయి. ఆరుకి అయిదు అని ఉంటే పన్నెండే. మూడు డాలర్లు అక్కడే, గుడ్డ మీదే, పెద్దక్షరాల్లో పోతాయి. పెళ్ళిళ్ళలో విడిదింటి పేకాటకి ఇంత స్పష్టమైన రూల్సు ఉంటే మా బంధువుల్లో సగం మంది ఇంకా మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు.

తిరకాసు హోటళ్ళ పేజీలతో వచ్చింది. లైబ్రరీ పుస్తకాలు కదా, వాటిలో ఒకటి పాతది. రివియెరా బాగుంటుందంది. 1955లో తెరిచిన రివియెరాని 2015లో మూసి, మరుసటి ఏడు పడగొట్టారు. మనం అరవై నిండితే షష్టిపూర్తి చేస్తాం, వాళ్ళు డైనమైట్ పెడతారు. ట్రాపికానా అంది. 1957 నాటి ఆ హోటల్ని 2024 అక్టోబరులో డ్రోన్ల ప్రదర్శన చేసి, బాణసంచా కాల్చి మరీ కూల్చారు. మిరాజ్ అంది. అదీ అదే ఏడాది జులైలో తలుపులు మూసేసింది. ప్రతి పేరూ మావాడు ఫోనులో వెతికి "అది లేదు నాన్నా" అంటుంటే, చదువుతున్నది గైడు పుస్తకమో సంతాప సంచికో తెలియలేదు.

భోజనం సంగతికొద్దాం. రెస్టారెంట్లకి నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు పుట్టుక నాకు భలే నచ్చింది. 1900లో టైర్ల కంపెనీవాళ్ళు జనం కార్లలో బాగా తిరిగి టైర్లు అరగదీయాలని వేసిన పుస్తకమది. వేగాస్‌కి 2008లోనూ 2009లోనూ సంచికలు వేసి, తర్వాత ఆపేశారు. ఎంజీఎం గ్రాండ్‌లోని జోయెల్ రోబుషాన్ రెస్టారెంటుకి అప్పట్లో మూడు నక్షత్రాలిచ్చారు. మా బడ్జెట్టుకి ఆ నక్షత్రాలు ఆకాశంలోవే. ఇక టైర్ల సంగతంటారా, వేగాస్‌లో అరిగేవి చెప్పులు. పుస్తకం "ఎదురుగానే" అన్న హోటలుకి వెళ్ళాలంటే ఎస్కలేటరెక్కి, వంతెన దాటి, మరో ఎస్కలేటరు దిగి, ఒక కాసినో మధ్యగా నడవాలి. ఈ హోటళ్ళున్న స్ట్రిప్ అనే రోడ్డు పొడవు దాదాపు ఏడు కిలోమీటర్లని రాసినవాడు, అందులో సగం కార్పెట్ మీదే నడుస్తామని కూడా రాయాల్సింది.

పోతే బఫే. 1940లలో ఎల్ రాంచో వేగాస్ హోటల్లో ఒక డాలరుకి కడుపునిండా పెట్టడంతో ఈ సంప్రదాయం మొదలైంది. ఆకలేసినవాడు లేచి ఇంకో హోటలుకి పోకుండా ఆపడానికి పన్నిన ఎత్తు అది. కోవిడ్‌లో మూతపడ్డవాటిలో చాలా మళ్ళీ తెరుచుకోలేదు. మిగిలినవాటి ధర చూస్తే డాలరు రోజులు పురాణమే. బ్రెడ్డు జోలికి పోవద్దు, పాస్తా వైపు చూడొద్దు, నేరుగా పీతల దగ్గరికే నడవమని పుస్తకం ఉపదేశం. నేను అక్షరాలా పాటించాను. అయితే ఆ రోజు శనివారం. ముప్ఫయ్యేళ్ళుగా మా ఆవిడ శనివారం రాత్రి పండ్లు తప్ప ముట్టదు, ఈ సంగతి ఏ గైడులోనూ లేదు. వారాంతం రేటు, మనిషికి డెబ్బై డాలర్ల పైచిలుకు. ఆవిడ పళ్ళెంలో నాలుగు పుచ్చకాయ ముక్కలు, రెండు అనాస ముక్కలు. ఒక ముక్క ఫోర్కుతో గుచ్చి, దీపం వైపు ఎత్తి చూసి అడిగింది: "ఏవండీ, ఇది కిలో ఎంత పడిందంటారు?"

మావాడు నీళ్ళు తాగుతూ పొలమారాడు.

గది విషయంలో మాత్రం పుస్తకానికి దణ్ణం పెట్టాలి. మినీబార్‌లో సీసా కదిపితే చాలు, సెన్సర్ బిల్లు వేసేస్తుందని ముందే హెచ్చరించింది. అందుకని మా ఆవిడ పెరుగు డబ్బాని ఐసు బకెట్‌లో కూర్చోబెట్టి, వరండా చివర మిషను నుంచి పూటపూటకీ ఐసు తెప్పించింది. తెచ్చింది నేనే. గదిలో కెటిల్ ఉండదనీ, కాఫీకి కిందికి దిగితేనే కదా కాసినోలోంచి నడుస్తారనీ కూడా రాశారు. ఇంటి నుంచి కెటిల్ పట్టుకెళ్ళాం. గది అద్దె మీద అదనంగా వడ్డించే రిసార్ట్ ఫీ గురించి ప్రతి పుస్తకంలోనూ పేజీలకి పేజీలున్నాయి. ఆ గొడవ కాస్త తగ్గింది. 2025 మే నుంచి గది ప్రకటనలోనే ఆ ఫీజుతో కలిపి ధర చూపాలని అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టింది.

మీరూ ఎటూ వెళ్తారు కాబట్టి చెబుతున్నాను. గైడు పుస్తకం కొనేముందు అట్ట వెనక తిప్పి ఏ ఏటిదో చూసుకోండి. బెలాజియో హోటల్ ముందరి ఫౌంటెన్లకి టికెట్ లేదు, ఎన్నిసార్లైనా చూడండి. నడవడానికి పాత చెప్పులు వేసుకెళ్ళండి. బఫేకి మాత్రం, మీ ఇంట్లో శనివారాలుంటే, శుక్రవారమే వెళ్ళిరండి.