రెండు మిల్లీమీటర్ల పవర్ బ్యాంక్: తయారు చేయు విధానం

పవర్ బ్యాంక్ తయారు చెయ్యాలంటే ముందు బ్యాటరీ కొనుక్కోవాలనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. ఈ వ్యాసం వాళ్లకు కాదు. మనకు కావలసినవి ఒక ల్యాప్‌టాప్, అందులో ఫోటోషాప్, మధ్యలో ప్రశ్నలడగని ఇంట్లోవాళ్లు. అంతే. స్కేలు, వెర్నియర్ కాలిపర్, మల్టీమీటర్ లాంటివి టేబుల్ మీద ఉంటే తీసి అటకెక్కించండి. కొలిచే సాధనం కళ్లెదుట ఉంటే ఏదో ఒక బలహీన క్షణంలో కొలవబుద్ధవుతుంది. కొలిచారా, కాన్సెప్ట్ అక్కడికక్కడే పోతుంది.

కొలతలు అడిగే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉండగా ఫోటోషాప్ ఎందుకని ఎవరైనా నిలదీస్తే చరిత్ర చెప్పండి. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామును అడోబీ 1990 ఫిబ్రవరిలో బజారులోకి తెచ్చింది. ఆ రోజుల్లో జాన్ ఉద్యోగం చేసింది ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో. స్టార్ వార్స్ కోసం లేని అంతరిక్ష నౌకల్ని ఉన్నట్టు చూపించడానికి పుట్టిన కంపెనీ అది. మన పనికి ఇంతకంటే మంచి వంశం ఎక్కడ దొరుకుతుంది? క్యాడ్ ఊరికే మందమెంత, మందమెంత అని ప్రాణం తీస్తుంది. ఫోటోషాప్ ఏనాడూ అడగదు. పిక్సెల్‌కు పొడవూ వెడల్పూ ఉంటాయి గానీ మందం లేదు.

ఏం తయారు చెయ్యాలన్నది పెద్ద సమస్య కాదు. ఏటీఎం కార్డంత పవర్ బ్యాంక్ చేద్దాం. కార్డు 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ వెడల్పు. ప్రపంచంలో ఎక్కడైనా ఇదే. మన సరుకు మందం 2 మిల్లీమీటర్లు. ఎందుకు రెండు? రెండైతే బాగుంటుంది కాబట్టి. కెపాసిటీ 10,000 ఎంఏహెచ్. వెనకవైపు సోలార్. పైన ఫోను పెడితే వైర్‌లెస్ చార్జింగ్. నీళ్లలో పడినా ఏమీ కాదు. జాబితా ఇక్కడ ఆపుతున్నాను గానీ మీరు ఆపనక్కర్లేదు. ఒక్కో సౌకర్యానికి అయ్యే ఖర్చు ఒక్కో టెక్స్ట్ లేయర్.

బొమ్మ కట్టడం

నల్లటి బ్యాక్‌గ్రౌండ్ తీసుకోండి. తెల్లటి దాని మీద తప్పులు కనిపిస్తాయి. రెక్టాంగిల్ టూల్‌తో మూలలు గుండ్రంగా ఉన్న ఒక పలక గీయండి. బొగ్గు రంగు నుంచి దానికంటే ఓ పిసరు లేత బొగ్గు రంగుకు గ్రేడియంట్ ఇవ్వండి. యాడ్ నాయిస్‌కు వెళ్లి ఒకటో రెండో శాతం చల్లండి. ఇసుక వేసి రుద్దినట్టు గరుకుదనం వస్తుంది. ఇంతవరకు ఏ ఫ్లెక్సీలు వేసే కుర్రాడైనా చేస్తాడు.

అసలు పనితనం అంచు దగ్గరుంది. పై అంచు వెంబడి ఒకే ఒక్క పిక్సెల్ మందాన తెల్లగీత గీసి, ఓపాసిటీ నలభైకి దించి, రెండు కొసల్లో లేయర్ మాస్క్‌తో మెల్లగా మాయం చెయ్యండి. ఇప్పుడు ఆ లేయర్ పక్కనున్న కన్నుగుర్తు నొక్కి ఆపండి, మళ్లీ వెలిగించండి. గీత లేనప్పుడు అది నల్ల ప్లాస్టిక్ ముక్క. గీత పడగానే విమానాలకు వాడే అల్యూమినియం. ధర ఆరువందల నుంచి ఆరువేలకు ఎగబాకింది ఆ ఒక్క పిక్సెల్‌తోనే. మొత్తం ప్రాజెక్టులో మనం నిజంగా తయారు చేసే వస్తువు ఈ గీత ఒక్కటే, కాబట్టి తొందరపడకండి, దీని మీద ఓ పూట ఖర్చు పెట్టండి. లేత నీలం కొద్దిగా కలిపితే మరీ బాగుంటుంది.

తర్వాత పలకను డూప్లికేట్ చేసి, తిరగేసి కిందపెట్టి, సగానికి మసకబార్చండి. నల్లద్దం మీద నిలబెట్టినట్టు ప్రతిబింబం పడుతుంది. నిజం పవర్ బ్యాంకులు అద్దం మీద నిలబడవు, బ్యాగులో దువ్వెన పక్కన పడుంటాయి. అది వాటి ఖర్మ.

ఇక చెయ్యి. చేతిలో పట్టుకున్నట్టు చూపిస్తే తప్ప జనం నమ్మరు. మాకప్ ఫైళ్లు ఇంటర్నెట్‌లో కుప్పలుగా దొరుకుతాయి. అన్నిట్లోనూ ఒకటే చెయ్యి: తెల్లవాడిది, ఊలు స్వెట్టర్ మణికట్టు దాకా, పక్కన నురగ మీద ఆకు బొమ్మ వేసిన కాఫీ. అమీర్‌పేటలో మే నెల్లో కూర్చుని చేసిన డిజైన్‌లోనూ అదే స్వెట్టర్. మార్చాలని మాత్రం చూడకండి. చెమటపట్టిన చెయ్యి పెడితే చూసేవాడికి వేడి గుర్తొస్తుంది, వేడి గుర్తొస్తే బ్యాటరీ గుర్తొస్తుంది. పవర్ బ్యాంక్ ఇంకా సన్నగా కనబడాలంటే దాన్ని ముట్టుకోవద్దు, చేతిని పది శాతం పెంచండి.

టైప్-సి పోర్టు గీసేటప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త. టైప్-సి పిన్ను లోహపు మూతి మందమే దాదాపు 2.4 మిల్లీమీటర్లు. అది దూరే కన్నం ఇంకొంచెం పెద్దదుండాలి, దాని చుట్టూ గోడ ఉండాలి. మన పవర్ బ్యాంక్ మొత్తం మందం రెండు. అంటే సరుకు కంటే దాని కన్నమే లావు. ఇంజినీర్లయితే ఇక్కడ తలపట్టుకుంటారు. మీరు కంట్రోల్-టీ కొట్టి పోర్టును ఒక మిల్లీమీటరుకు నొక్కెయ్యండి, బుద్ధిగా ఒదుగుతుంది. కేబుల్ గుచ్చినట్టు మాత్రం ఎక్కడా చూపించకండి.

లోపల ఏముంది

ఏమీ లేదు. అదే దీని అందం. అయినా కొందరు లెక్కలు తీస్తారు. వాళ్లెలా తీస్తారో తెలిస్తే ఆ దారిన పోకుండా ఉండొచ్చని చెబుతున్నాను. 10,000 ఎంఏహెచ్‌ను సెల్ వోల్టేజీ 3.7తో గుణిస్తే 37 వాట్-అవర్లు. మన పలక ఘనపరిమాణం 9 ఘన సెంటీమీటర్లకు కాస్త పైన. మంచి లిథియం సెల్‌లో లీటరుకు 700 వాట్-అవర్లు పడతాయనుకుందాం. పైడబ్బా లేదు, సర్క్యూట్ లేదు, పలకంతా సెల్లే అనుకున్నా వచ్చేది ఆరున్నర వాట్-అవర్లు. అంటే ఇంచుమించు 1,750 ఎంఏహెచ్. 5,000 ఎంఏహెచ్ ఫోనును సగం కూడా నింపదు. దీనికి పరిష్కారం టెక్స్ట్ టూల్. "10,000" అని సన్నటి ఫాంటులో రాయండి. అంకె ఎంత పెద్దదైతే ఫాంటు అంత సన్నగా ఉండాలి.

బ్యాటరీతో నిజంగా కుస్తీ పట్టిన వాళ్లకు ఏమైందో చూశాం కదా. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లు అంటుకుంటున్నాయని శాంసంగ్ వాటిని వెనక్కి పిలిపించి, చివరికి ఆ మోడల్‌నే ఆపేసింది. మొదటి విడత బ్యాటరీల్లో పై కుడిమూల ఎలక్ట్రోడ్ వంగిపోయిందని 2017 జనవరిలో కంపెనీయే చెప్పింది. లోపల చోటు చాలలేదు. మూల దగ్గర కాస్త ఇరుకైనందుకు అంత నష్టం. మనకూ మూలలున్నాయి, నాలుగు. కార్నర్ రేడియస్ ఎంత మార్చినా ఫోటోషాప్ ఫైలు అంటుకున్న దాఖలా ఇంతవరకు లేదు.

సోలార్ సంగతికొస్తే, ముదురు నీలం మీద సన్నటి వెండి గీతలు నిలువుగా కొట్టండి, పని అయిపోయింది. ఇక్కడా లెక్కలవాళ్లు వస్తారు. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు 1,000 వాట్లంటారు. కార్డంత జాగాలో పడేది నాలుగున్నర వాట్లు, అందులో 20 శాతం కరెంటుగా మారితే ఒక వాటు కూడా లేదు. 37 వాట్-అవర్లు నిండాలంటే మిట్టమధ్యాహ్నం ఎండ 40 గంటలు కావాలి. మిట్టమధ్యాహ్నం రోజుకొకసారే వస్తుంది కాబట్టి ఎంత లేదన్నా వారం పైమాట. రోహిణి కార్తెలో రెంటచింతల తీసుకెళ్లి మేడ మీద పెడదామా అంటే, వేడెక్కే కొద్దీ సోలార్ సెల్ ఇచ్చేది తగ్గుతుంది, లోపలి లిథియం సెల్‌ను 45 డిగ్రీలు దాటాక చార్జ్ చెయ్యొద్దని చేసినవాళ్లే రాస్తారు. ఎండతో నడిచే వస్తువుకు ఎండ పడదన్నమాట! బొమ్మకు ఈ బాధ లేదు. దానికి లెన్స్ ఫ్లేర్ చాలు.

వైర్‌లెస్ చార్జింగ్ గురించి ఒక్క ముక్క. మూడు పరికరాల్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టి చార్జ్ చేసుకునే ఎయిర్‌పవర్ అనే చాపను ఆపిల్ 2017 సెప్టెంబరులో వేదిక మీద చూపించింది. 2019 మార్చిలో, మా ప్రమాణాలకు తగ్గట్టు రాలేదని చెప్పి మానుకుంది. చూపించడం వరకు ఏ ఇబ్బందీ రాలేదని గమనించాలి. తయారు చెయ్యబోతేనే వచ్చింది.

వెళ్లకూడని చోట్లు

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు రాయదుర్గం వైపు వెళ్లినా టీ-వర్క్స్ దగ్గర ఆగొద్దు. 2023 మార్చిలో తెరిచిన ఆ 78,000 చదరపు అడుగుల భవనం నిండా బొమ్మను వస్తువుగా మార్చే యంత్రాలే. మీ ఫైలు పట్టుకెళితే మర్యాదగానే మాట్లాడతారు, కుర్చీ వేసి కూర్చోబెడతారు, ఆ తర్వాత "సర్, సైడ్ వ్యూ ఉందా?" అంటారు. కోఠీ గుజరాతీ గల్లీ ఇంకా ప్రమాదం. అక్కడి కుర్రాళ్లు పవర్ బ్యాంకును అరచేతిలో ఎగరేసి బరువును బట్టి చెప్పేస్తారు. నిజమైన 10,000 ఎంఏహెచ్ సరుకు పావు కిలోకు అటూ ఇటూ ఉంటుందని వాళ్ల చేతికి తెలుసు. నకిలీవాళ్లు బరువు కోసం డబ్బాలో ఇసుక పోస్తారు. పాపం, వాళ్లూ మనలాంటి వాళ్లే, కాకపోతే పాతకాలపు పద్ధతి. కనీసం డబ్బా కొనాలి, ఇసుక మోయాలి.

మరి అమ్మకం?

ఇక్కడ కొన్ని పాత దెబ్బలు గుర్తుంచుకోవాలి. కిక్‌స్టార్టర్ అనే విరాళాల వేదిక 2012 సెప్టెంబరులోనే ఓ మొండి నిబంధన పెట్టింది: యంత్ర పరికరాలకు డబ్బు అడిగేవాళ్లు నిజం ఫోటోను తలపించే కంప్యూటర్ బొమ్మలు పెట్టకూడదు, చేతిలో ఉన్న నమూనాకే ఫోటో తీసి పెట్టాలి. మన వృత్తి మీద పగబట్టినట్టు లేదూ? 2015లో లేజరుతో గడ్డం గీసే స్కార్ప్ రేజర్‌కు అక్కడ 40 లక్షల డాలర్లకు పైగా హామీలు వచ్చాక, పనిచేసే నమూనా లేదని ప్రచారం నిలిపేశారు. ఆ రేజరువాళ్లు వెంటనే ఇండీగోగో అనే మరో వేదికకు మారారు. పట్టుదల అంటే అదీ.

మన దేశంలో 2016 ఫిబ్రవరిలో ఫ్రీడమ్ 251 వచ్చింది. నోయిడా కంపెనీ, 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్. బుకింగు మొదలైన రోజు వెబ్‌సైటు తట్టుకోలేకపోయింది. విలేకరులకు చూడమని ఇచ్చిన ఫోను మీద ఆడ్‌కామ్ అనే మరో కంపెనీ పేరుంది, దాని మీద వైట్‌నర్ పూత. గోకితే పోయింది. ఇంతమంది ఇన్ని విమర్శలు రాశారు గానీ, అసలు తప్పు ఒక్కరూ పట్టుకోలేదు. ఫోటోషాప్‌లో క్లోన్ స్టాంపు ఉండగా వైట్‌నర్ ఎందుకయ్యా? ఫోటో పంపిస్తే సరిపోయేదానికి ఫోను పంపించారు!

కాబట్టి సరుకును ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇవ్వడానికి లేదు కూడా. జేపెగ్ మాత్రమే పంపండి, పీఎస్‌డీ అడిగితే పంపకండి. పీఎస్‌డీలో లేయర్లుంటాయి, లేయర్లు తెరిస్తే పవర్ బ్యాంక్ కింద చెయ్యి, చెయ్యి కింద స్వెట్టర్, స్వెట్టర్ కింద మాకప్ కొన్న సైటు పేరు బయటపడతాయి. "ఇది కాన్సెప్ట్ మాత్రమే" అన్న మాట వెయ్యక తప్పకపోతే, కింది మూలన ఆరు పాయింట్లలో, నలుపు మీద ముదురు బూడిద రంగులో వెయ్యండి. అదే మాట బొమ్మ పైన పెద్దక్షరాల్లో వేసుకునే డిజైనర్లు కొందరున్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అనరు, బొమ్మ బాగుందని మెచ్చుకుంటారు కూడా. కానీ వాళ్లకు అడ్వాన్సులు రావు.

బొమ్మ గీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. భారతదేశంలో పవర్ బ్యాంక్ అమ్మాలంటే మాత్రం బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, రిజిస్ట్రేషన్‌కు ముందు ల్యాబు పరీక్ష, పరీక్షకు నిజం సరుకు కావాలి. ఇంకొక్క విషయం: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. దీన్ని మీ పోస్టర్ మీద ఎక్కడా వెయ్యకండి.