ఏడవ వైఫై గృహప్రవేశము

"మామయ్యా, రేపు పదింటికి సెవెన్ వస్తోంది, నువ్వు తప్పకుండా రావాలి" అని మా మేనల్లుడు ఫోను చేసినప్పుడు, ఏడవ నంబరు ప్లాట్‌ఫారము మీదికి వచ్చు రైలులో బంధువులెవరో దిగుచున్నారని తలచి, స్టేషను సికింద్రాబాదా, నాంపల్లియా అని అడిగితిని. వచ్చునది బంధువులు కాదనియు, వైఫైలలో ఏడవ తరమనియు, తన సంస్థలో దానిని గోడకు బిగించుటకు పురోహితుని చేత ముహూర్తము కూడ పెట్టించితిననియు వాడు చెప్పెను. ముహూర్తము పెట్టినవాడు పురోహితుడు, బిగించువాడు కేబులు కుర్రవాడు, డబ్బు పోసినవాడు మేనల్లుడు. ఇక నాకు మిగిలిన పని కొబ్బరికాయ కొట్టుట.

ఎఱ్ఱ మార్గము, నీలి మార్గము కలిసికొను అమీర్‌పేట మెట్రో స్టేషను మెట్లు దిగి మైత్రీవనము చేరులోపల, జావా యనియు, పైథాననియు, డెవాప్సనియు, మూడు వారములలో కృత్రిమ మేధ యనియు కేకలు వేయుచు, దారిన పోవువారి చేతులలో కరపత్రములు కుక్కుచున్న బాలురు నాకును ఏడింటిని సమర్పించిరి. నా తల నెఱసిన సంగతి వారి ఉత్సాహమునకు ఏమాత్రమును అడ్డు రాలేదు. ఆదిత్య ట్రేడ్ సెంటరు, నీలగిరి బ్లాకు మొదలగు భవనముల గోడల రంగేదో చెప్పగలవాడు నేడీ పేటలో నుండడు. కిటికీకిని కిటికీకిని నడుమ బోర్డులు, కిటికీలకు అడ్డముగ బోర్డులు, బోర్డులకు అడ్డముగ మఱికొన్ని బోర్డులు. పది పన్నెండు జిల్లాల నుండి డిగ్రీ పట్టాలతో వచ్చి, ఎస్సార్ నగరు హాస్టళ్ళలో గదికి నలుగురు చొప్పున తలదాచుకొని, తల్లిదండ్రులు పంపిన డబ్బులో సగము ఫీజుకును సగము టిఫిను బండికిని అర్పించి, ఆ బోర్డులను క్రింది నుండి తలయెత్తి చదువు యువకులను చూచినప్పుడు మాత్రము నాకు నవ్వు రాదు.

మా వాని సంస్థ నాలుగవ అంతస్తున కలదు. అందు నేర్పు విద్య నెట్‌వర్కింగు. ఈ మాటను పాఠకులు కాస్త జ్ఞాపకముంచుకొనవలెను.

నేను పోవునప్పటికి వైఫై పెట్టె బల్లపై పసుపు కుంకుమలతో వెలుగుచుండెను. ఎనిమిది కొమ్ములతో అది వెల్లకిల పడిన ఎండ్రకాయ వలె నున్నది. మా వాడు దాని వంశచరిత్రను నాకు భక్తితో వినిపించెను. ఈ వంశమునకు గోత్రనామము 802.11. మూలపురుషుడు 1997లో పుట్టి సెకనుకు రెండు మెగాబిట్లు మోసెను. 1999లో పుట్టినవాడు పదునొకండు, 2003వాడు ఏబది నాలుగు, 2009వాడు ఆరువందలు. బి, జి, ఎన్, ఏసీ, ఏఎక్స్ అను నామధేయములతో గిరాకీదారులకు తల తిరుగుచుండగా, 2018లో వైఫై అలయన్స్ పెద్దలు బారసాల చేసి నాలుగు, ఐదు, ఆరు అని అంకెల పేర్లు పెట్టిరి. ఇప్పటి యేడవవానికి 2024 జనవరిలో ధ్రువపత్రములిచ్చుట మొదలైనది. వీని వేగము 46 గిగాబిట్లని ప్రచారము. పెండ్లిచూపులలో వరుని జీతము చెప్పునప్పుడు బోనసు, అలవెన్సు, కంపెనీ వారు పెట్టు మధ్యాహ్న భోజనము, అమెరికా పోయినచో రాగల డాలర్లు అన్నియు కలిపి చెప్పుదురు గదా. ఈ 46 ఆ జాతికి చెందిన అంకె.

కొబ్బరికాయ చక్కగ పగిలినది. పెట్టె గోడకెక్కినది. నీలి దీపము వెలిగినది. మా వాడు కొత్త ఫోను తీసి, వేగపరీక్ష చేసి, తెర వంక చూచి, మరల చేసి, చొక్కాతో తెర తుడిచి మూడవమారు చేసెను. మూడుమార్లును వచ్చినది తొంబది నాలుగు. గిగాబిట్లు కావు, మెగాబిట్లు.

"కొత్తది కదా మామయ్యా, అలవాటు పడాలి" అనెను. కొత్తకోడలికి వంటిల్లు అలవాటు కావలెనన్న నమ్మవచ్చును. ఇనుము, ప్లాస్టిక్కు కలిపి చేసిన పెట్టెకు అమీర్‌పేట అలవాటగుట యేమి?

సరిగ్గా ఆ సమయముననే ప్రక్కగదిలో పాఠము నడుచుచుండెను. నెట్‌వర్కునకు ఏడు పొరలుండుననియు, అన్నిటికన్న అడుగు పొర తీగ యనియు బోధించుచు అధ్యాపకుడు గొంతెత్తి, "అడుగు పొర బాగోకపోతే పైవన్నీ వేస్ట్, రాసుకోండి!" అనెను. నలుబది కలములు వ్రాసికొన్న చప్పుడు గోడకివతలకు వినబడినది. మా వాడు లేచి తలుపు మూసి వచ్చెను.

కేబులు కుర్రవాడు బల్లపై కుర్చీ, కుర్చీపై తానుగా నిలిచి, పై కప్పు పలక తొలగించెను. లోపల ఎనిమిది సంవత్సరముల ధూళి, ఒక బల్లి, ఎవరో దాచి మఱచిన ఆవకాయ సీసా, వాని నడుమ నల్ల టేపు చుట్టిన బూడిదరంగు కేబులు. ఆ కేబులులో రంగురంగుల తీగలు ఎనిమిదియుండును. గిగాబిట్టు వేగమునకు ఆ ఎనిమిదియు కావలెను. నాలుగింటితో సరిపెట్టినచో నూఱు మెగాబిట్లు మాత్రమే నడచును, అందును చిరునామాలు, ముద్రలు మొదలగు తపాలా ఖర్చులు పోగా చేతికందునది సుమారు తొంబది నాలుగు. ఆ టేపు దగ్గఱ తీగలు రెండు పాయలుగ చీలి, నాలుగు మా పెట్టెకును, నాలుగు వరండాలోని సీసీ కెమెరాకును పోవుచున్నవి.

"ఎవడు చేశాడ్రా ఈ పని?" అని మా వాడు గర్జించెను.

"నేనే సార్" అని కుర్రవాడు పైనుండి నిర్మలముగ పలికెను. "ఒక్క వైరుతోని రెండు పనులు గొట్టినం. పైసలు మిగిలినయని అప్పుడు మీరే మస్తు ఖుష్ అయిన్రు గద."

ఏనుగును దానమిచ్చి అంకుశము దగ్గఱ పేచీ పెట్టినవాని కథ మనకు క్రొత్త కాదు. అయితే ఆ కథలోని దాత ఏనుగుల శాస్త్రము చెప్పు పాఠశాలను నడుపుచుండలేదు.

తీగ యట్లుండగా, గాలి సంగతి వేరు. నా ఫోనున చుట్టుపట్ల వైఫైల పేర్లు లెక్కించితిని: నలుబది మూడు. పై అంతస్తువి, క్రింది అంతస్తువి, ఎదుటి హాస్టలుది, టిఫిను సెంటరుది. అందు పాతకాలపు 2.4 గిగాహెర్ట్జుల బాటలో ఒకదానితో నొకటి రాచుకొనకుండ పోగల వరుసలు ఒకటి, ఆరు, పదునొకండు అను మూడు మాత్రమే. ఈ తరంగముల ధర్మశాస్త్రము మిక్కిలి గొప్పది: మాటాడుటకు ముందు మఱియొకడు మాటాడుచున్నాడేమో వినవలెను, మాటాడుచున్నచో ఆగవలెను, వాడు ముగించిన పిదప కూడ వెంటనే నోరు తెఱవక, ఎంతసేపు ఆగవలెనో చీటీ తీసికొన్నట్లు తనకు తానే తేల్చుకొని, అటుపై పలుకవలెను. అమీర్‌పేటలో ఈ మర్యాదను పాటించు ప్రాణి రేడియో తరంగ మొక్కటే. అయినను నలుబది మూడు మంది మర్యాదస్థులు ఒక గదిలో చేరి "ముందు మీరు, ముందు మీరు" అనుకొనుచు కూర్చున్నచో పని యెట్లు జరుగును?

క్రొత్త పెట్టెలో 6 గిగాహెర్ట్జుల విశాలమైన బాట యొకటి కలదు. మన దేశమున 5925 నుండి 6425 మెగాహెర్ట్జుల వరకు లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ముసాయిదా నియమములు వెలువరించినది. చమురు వేదికలపై దానిని వాడరాదని అందొక నిషేధము. అమీర్‌పేటలో చమురన్నది మిర్చిబజ్జీల బాణలిలో తప్ప లేదు గనుక మా వానికి ఆ భయము లేదు. భయము వేఱొకటి: విద్యార్థుల చేతులలోని లాప్‌టాపులు అన్నల వద్దనుండి తమ్ములకు సంక్రమించినవి, వానికి 6 గిగాహెర్ట్జుల బాట యున్నదన్న సంగతియే తెలియదు.

మధ్యాహ్నమునకు మా వాడు మెత్తబడి, "నీ ఫ్రెండ్ ఆఫీసులో నెట్‌వర్కు పెట్టింది మా స్టూడెంటే మామయ్యా, ఓసారి చూసొద్దామా" అనగా, మెట్రో వంతెన నీడన పంజగుట్ట వైపు నడచితిమి. నడచినంత దూరమును స్తంభము నుండి స్తంభమునకు నల్లని కేబులు మోపులు, పాలు పిదుకని గేదె పొదుగుల వలె బరువుగ వ్రేలాడుచున్నవి. 2025 ఆగస్టులో రామంతాపూరు కృష్ణాష్టమి రథమునకు విద్యుత్తు తగిలి ఐదుగురు ప్రాణములు కోల్పోయిన పిదప, విద్యుత్ సిబ్బంది స్తంభములపై కేబుళ్ళను కత్తిరింపగా, నగరమున ఎన్నియో ఇండ్లు, కార్యాలయములు అంతర్జాలము లేక స్తబ్ధమైనవి. వ్యవహారము హైకోర్టు దాక పోయినది. తీగలేని సేవ యెంత తీగపై వ్రేలాడుచున్నదో ఆ వారము అందఱును చూచిరి, చూచి మఱచిరి.

పంజగుట్ట కూడలి దాటిన పిదప ఒక సందులో నా మిత్రుని ఆడిటింగు కార్యాలయము కలదు. శిష్యుడు గురువును చూచి వంగి నమస్కరించి, తాను చేసిన సన్నాహమును చూపెను. రెండు ఆదివారములు అతడు లాప్‌టాపు చేతబట్టి గదిగదియు తిరిగి, సిగ్నలు ఎచ్చట చచ్చునో పటము గీసికొనగా, ఏదో పోగొట్టుకొని వెదకుచున్నాడని కాపలాదారు జాలిపడెనట. ముప్పది సంవత్సరముల బ్యాలెన్సు షీట్లు గల ఇనుప బీరువాలు తరంగములను మ్రింగుచున్నవని అప్పుడు తెలిసినది. వానిని గోడవారకు జరిపించెను. నూఱు మీటర్ల వరకు పది గిగాబిట్లు మోయగల క్యాట్ 6ఏ కేబులు లాగించెను. రెండున్నర గిగాబిట్ల వేగమును, ముప్పది వాట్ల విద్యుత్తును ఆ కేబులులోనే పంపు స్విచ్చి పెట్టించెను. పాత ప్రింటర్లకు, వచ్చిపోవు అతిథులకు వేఱువేఱు బాటలు చూపెను. పెట్టెల సంగతి అన్నిటికన్న చివర. అవియును కొమ్ములు లేక, సత్తు కంచముల వలె కప్పునకు అంటుకొని, తలయెత్తి చూచిన గాని కనబడవు.

"మీరు చెప్పిందే చేశాను సార్. అడుగు పొర నుంచి మొదలుపెట్టాను" అనెను. గురువు దగ్గెను.

కాని స్వాగతపు బల్ల వెనుక గోడపై, పదికొమ్ముల నల్లని పెట్టె యొకటి నీలి దీపముతో ఠీవిగ నున్నది. అదేమని నేనడిగితిని. శిష్యుడు గొంతు తగ్గించి, "అది పాత సామాన్లలోది సార్. ఇంత ఖర్చు పెట్టాం, ఏమీ కనపడటం లేదేంటని మా సారు రోజూ అడిగేవారు. తుడిచి అక్కడ తగిలించాను. కేబులు లేదు, లైటు కోసం కరెంటు ఒక్కటే ఇచ్చాను. అప్పట్నించి సిగ్నల్ చాలా బాగుందంటున్నారు" అనెను. ఇంతలో నా మిత్రుడే వచ్చి, ఎవరో కక్షిదారునకు ఆ పెట్టెను వ్రేలితో చూపుచు లోనికి పోయెను.

మా వాడు దాని యెదుట చాలసేపు నిలిచెను. మెట్లు దిగుచుండగా నా మోచేయి పట్టుకొని మెల్లగ నడిగెను:

"మామయ్యా, దానికి పది కొమ్ములున్నాయి, చూశావా? మనదానికి ఎనిమిదే."