నామకరణంగారు

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈయన్ని చూసే పుట్టిందని మా టీములో గట్టి నమ్మకం. అందరూ నామకరణంగారనే అంటాం. ఊరు రాజమండ్రి, ఉద్యోగం ఇంటినుంచే. పదిమందీ వాడుకునే ఓపెన్ సోర్స్ ప్యాకేజీలంటే ప్రాణం. రాయడం కాదు, పేరు పెట్టడం. ఎన్‌పీఎమ్‌లోనో పైపీఐలోనో మంచి మాట ఖాళీగా కనబడితే చాలు, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరినట్టు ఓ ఉత్త ప్యాకేజీ పడేసి సీటు ఆపేస్తారు. పైపీఐ నిబంధనలు ఒప్పుకోవండీ అంటే, "కూర్చుంటామండీ, తొందరేముంది" అంటారు.

ఎగతాళికేం గానీ, పేర్ల చిక్కులు ఆయనకి కొట్టినపిండి. 2016లో 'కిక్' అన్న ఒక్క పేరు దగ్గర తగువొచ్చి, ఓ ప్రోగ్రామరు అలిగి తన ప్యాకేజీలన్నీ ఎన్‌పీఎమ్ నుంచి పీకేసుకున్నాడు. అందులో 11 లైన్ల లెఫ్ట్‌ప్యాడ్ కూడా పోయేసరికి ఎక్కడెక్కడివాళ్ళ బిల్డులూ ఆగిపోయాయి. ఈ కథ ఎత్తితే ఆయన నేరుగా కోనసీమలో తేలతారు. "ప్రాజెక్టు పోలవరం వేరే ఉందని మావాళ్ళు ఐ.పోలవరం అనుకోలేదా? కృష్ణాజిల్లా గన్నవరంతో గొడవెందుకని పి.గన్నవరం అనుకోలేదా? పేరు ముందు ఇంటిపేరు తగిలిస్తే తగువుండదని ఎన్‌పీఎమ్ మాకు చెప్పాలాండీ!"

పెద్దన, ధూర్జటి, గిడుగు అందరూ గూగుల్లో ఫాంట్లైపోయారని ఆయనకో దిగులు.

ఒక్కోసారి మాత్రం భలే పెడతారు. మనం చేసిన సవరణల్ని మూల ప్రాజెక్టుకి, అదే అప్‌స్ట్రీముకి, చేరేసే పనిముట్టుకి 'పులస' అన్నారు. సముద్రంలోంచి వరదగోదారికి ఎదురీదుకుంటూ వచ్చే చేప మరి! పేరు బాగుందండీ, పనిచేస్తుందా అని అడిగితే, ఆలోచించి, "సీజన్లో" అన్నారు.

ఇప్పటి ప్యాకేజీ 'నన్నయ'. మా ఊరి కవి, మా హక్కు అంటారు. రెండు ఫంక్షన్లు పూర్తిగా రాసి, మూడోది సగంలో వదిలేశారు. పేరు ఇంతలా అతికిన ప్యాకేజీ నేనింకోటి చూళ్ళేదు. మొన్న నెల్లూరు నుంచి ఎవరో కుర్రాడు ఆ సగందాన్ని ముట్టుకోకుండా, నాలుగోదాన్నించి చివరిదాకా మొత్తం రాసి పంపాడు. నామకరణంగారు రాత్రంతా కూచుని లైను లైనూ చదివి, "వేరియబుల్స్ పేర్లు బాగోలేవండీ" అని తిప్పి పంపారు.