బాబు పేరు పద్యానికి తెల్లాపురీయ వ్యాఖ్య

అవతారిక

కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాసిన కోలాచలం మల్లినాథసూరిది పాత మెదక్ జిల్లాలోని కొల్చారం. 2016లో జిల్లాలు విడదీసి సంగారెడ్డిలో కలిపేదాకా తెల్లాపూరుదీ ఆ జిల్లాయే. కనుక మూలం దాటి రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆ మహానుభావుడు పెట్టుకున్న నియమం మాకు పిత్రార్జితం. తెల్లాపూరులో పిత్రార్జితాన్ని ఏం చేస్తారో లోకానికి తెలుసు. దాన్నీ అమ్ముకున్నాం. అక్కరలేనిది ధారాళంగా చెప్పబోతున్నాం.

పద్యం పుట్టిన స్థలం తెల్లాపూరులో ఒక టవరు, పద్దెనిమిదో అంతస్తు. ఆ టవరుకి ఇటలీ పేరు, అందులో పుట్టే పిల్లలకు సంస్కృతం పేర్లు. కాలం బాబు పుట్టిన ఇరవయ్యో రోజు, రాత్రి పదకొండున్నర. కర్త బాబు తండ్రి. జావాలోనూ పైథాన్‌లోనూ ప్రవీణుడు గనుక ఉభయభాషావేత్త. ప్రచురణ కుటుంబ వాట్సాప్ గ్రూపులో.

మూలం

పాత పేరు వలయు బాబుకు, మాకును
కొత్తదనము కొంత కూర్చవలయు;
రెండె యక్షరములు, రేపటిలోపల;
సభ్యులెల్ల రిపుడె సాయపడుడు!

ఛందస్సు

ఆటవెలది. గణాలు సరిపోయాయి, యతులు కుదిరాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇదెలా సాధ్యమని పూర్వపక్షం. బళ్లో వేమన పద్యాలు బట్టీ పట్టినవాడికి ఆపత్కాలంలో నోట వచ్చేది ఆటవెలదేనని సమాధానం.

టీక

పాత పేరు = ప్రాచీనమైన నామధేయము. ఏ పాత? ఇక్కడ వ్యాఖ్యాత కొంచెంసేపు కూర్చోక తప్పదు. పాత రెండు విధాలు: ఇంట్లో ఉన్న పాత, యాప్‌లో ఉన్న పాత. ఇంట్లో ఉన్నది నర్సింలు, మల్లయ్య, ఎల్లయ్య, కొమురయ్య, పోచయ్య, సాయిలు. ఇంకా లోపలికి తవ్వితే పెంటయ్య, పుల్లయ్య. ముందు పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు మళ్లీ ఎత్తుకొచ్చి పెంటయ్య అనేవారు. ఎంగిలాకుల మీద పొర్లించి తెచ్చుకుంటే పుల్లయ్య. వీడు ఎవరికీ పనికిరాడులే అనుకొని చావు పక్కింటికి పోవాలని ఆ తల్లుల ఎత్తు. పేరుతో బిడ్డ ప్రాణం కాపాడుకోవాలనుకున్న సంప్రదాయం అది. ట్రెడిషనల్ పేరు కావాలని అడిగే తల్లిదండ్రుల్లో దీన్ని అడిగినవారు ఇంతవరకు లేరు.

రెండోది యాప్‌లోని పాత. అందులో పేర్లు వేలు, అర్థాలు రెండే: సూర్యుడి తొలికిరణం, విష్ణువు అంశ. కవి హృదయం ఈ రెండో పాత మీదే ఉంది. అనగా మన వంశంలో ఎవరికీ ఎన్నడూ లేని పాత పేరు కావాలని భావం.

కొత్తదనము కొంత = ఇంచుక నవ్యత. ఎంత కొంత? నర్సింలు కొడుకు సత్యనారాయణ, సత్యనారాయణ కొడుకు శ్రీకాంత్, శ్రీకాంత్ కొడుకు రియాన్ష్. మూడు మెట్లలో ఎంత ఎక్కామో అంత. అజంత భాష మాట్లాడే జాతి తన పిల్లల పేర్ల చివర పొల్లు పెట్టడం రమేష్, సురేష్‌ల నాడే మొదలైంది. యాన్ష్‌తో పరాకాష్ఠకు చేరింది. కాలనీ పార్కులో తన కొడుకుని పిలిస్తే ఇంకొకడు తిరిగి చూడకూడదన్నది ఈ కొత్తదనం ప్రయోజనం. అదే పార్కులో సాయంత్రం నిలబడి ‘యాన్ష్’ అని చివరి అక్షరాలు మాత్రం గట్టిగా పలకండి. జారుడుబల్ల ఖాళీ అవుతుంది.

రెండె యక్షరములు = రెండు మాత్రమే అయిన అక్షరములు. ఇది కార్పొరేటు కాలపు కోరికని పూర్వపక్షి అనుకుంటాడు. కాదు. ఆపస్తంబ గృహ్యసూత్రం పదోనాడు బాలింత స్నానం చేసి లేచాక కొడుక్కి పేరు పెట్టమంటూ, ఆ పేరు రెండక్షరాలు కానీ నాలుగక్షరాలు కానీ ఉండాలంది. షరతులు ఇంకా ఉన్నాయి. మొదటి అక్షరం నాదంతో పలికేది కావాలి: అంటే గ, జ, ద, బ, న, మ లాంటివి, క, చ, ట, త, ప పనికిరావు. నడుమ య, ర, ల, వలలో ఒకటి ఉండాలి. చివర దీర్ఘమో విసర్గో ఉండాలి. ముందు సగం నామం, వెనక సగం ధాతువు నుంచి పుట్టిన మాట కావాలి. ఇదంతా కుదరకపోతే ‘సు’ చేర్చుకుంటే చాలని ఒక వెసులుబాటు. ఆడపిల్లకైతే బేసి సంఖ్యలో అక్షరాలు.

ఈ లెక్కన కృష్ణుడు మొదటి అక్షరంలోనే తప్పాడు. శివుడూ అంతే. బాలకృష్ణుడికి పేరు పెట్టిన గర్గ మహర్షి ఆపస్తంబుణ్ణి సంప్రదించినట్టు లేదు.

రేపటిలోపల = రాబోవు దినము ముగియుటకు ముందు. ఈ పదం అందం తెలియాలంటే ధర్మశాస్త్రమూ చట్టమూ రెండూ చూడాలి. అమ్మమ్మగారి వైపు గుంటూరు లెక్కలో బారసాల ఇరవై ఒకటో రోజు. నాయనమ్మ వైపు దాన్నే తొట్టెల అంటారు, రోజు అదే. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం కింద పుట్టుకను తెలియజేయడానికి ఇచ్చిన గడువూ ఇరవై ఒక్క రోజులే. పంతులుగారూ ప్రభుత్వమూ ఒకే తిథి మీద ఏకీభవించడం అపూర్వం. పైగా 2023 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న సవరణ తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకీ స్థలానికీ ఆ సర్టిఫికెట్టే ఆధారం. కవి తొందర నిష్కారణం కాదు. ఒక్క సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. అది చివర చెబుతాం.

సభ్యులెల్లరు = గ్రూపులోని సమస్త జనులు. వీరిలో ముఖ్యురాలు డాలస్‌లో ఉన్న మేనత్త. ఆమె మొగుడి పాస్‌పోర్టులో ఇంటిపేరు, తండ్రి పేరు, సొంత పేరు అన్నీ కలిపి ఒకే గడిలో పడ్డాయి, రెండో గడి ఖాళీగా మిగిలింది. దాంతో అమెరికా వీసా మీద ఆయన పేరున్న చోట ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చయింది: పేరు తెలియదని దాని అర్థం. ఆఫీసులో కొన్నాళ్లు ఆయన్ని ‘ఫ్నూ’ అని పిలిచారు. అందుచేత ఆమె ఓటు ఎప్పుడూ ‘ఈజీగా పలికేది పెట్టుండ్రి’ అనే. ళ, ణ, ఋ వద్దంటుంది. ఈ నిషేధంలో ణ మీద గుర్తు పెట్టుకోండి, పని ఉంది.

ఇపుడె = ఈ క్షణముననే. స్పష్టం.

సాయపడుడు = సలహాలిండు, మేము విననక్కరలేదు అని భావం. నూట నలభై పేర్లు వచ్చాయి, నూట నలభైకీ ‘నైస్’ అని జవాబు వెళ్లింది.

అన్వయం

‘బాబుకు పాత పేరు వలయు, మాకును కొత్తదనము కొంత కూర్చవలయు’ అని ఒక వరుస. పాతదనం బాబుకట, కొత్తదనం తల్లిదండ్రులకట! మోసేది ఒకరు, మురిసేది ఇంకొకరు. ‘బాబుకు మాకును పాత పేరు వలయు’ అని కలిపి చదివితే తల్లిదండ్రులు తమ పేర్లు కూడా మార్చుకోవలసి వస్తుంది కాబట్టి ఆ అన్వయం గ్రాహ్యం కాదు. మొదటిదే కవి హృదయం. ఆయనకు తెలియకుండా బయటపడిన హృదయం.

పాఠాంతరం

‘పాషు పేరు వలయు’ అని కొన్ని స్క్రీన్‌షాట్లలో ఉంది. గణభంగం లేదు, అర్థభంగమూ లేదు. బాబు పిన్ని దిద్దిన పాఠమని తోస్తున్నది.

విశేషం

బాబుది హస్తా నక్షత్రం, మూడో పాదం. అవకహడ చక్రంలో ఇరవై ఏడు నక్షత్రాలకు పాదానికొక్కటి చొప్పున 108 అక్షరాలు. హస్తకు పూ, ష, ణ, ఠ. మూడోది ణ. తెలుగులో ణకారంతో మొదలయ్యే మాట లేదు. (ఆరుద్ర మూడో పాదంవాళ్ల గతి తలచుకుంటే ఇది మేలు. వాళ్లది ఙ.) ‘ణ బదులు న పెట్టుకోండి’ అని సిద్ధాంతిగారు కనికరించారు. కానీ నా, నీ, నూ, నే అనూరాధ సొత్తు. పుట్టింది కన్యారాశిలో, పిలుపు వృశ్చికరాశిలో అవుతుంది. గ్రూపు రెండుగా చీలింది.

ఇంతలో న్యూమరాలజీ పెద్దమనిషి ఒకాయన ఏ పేరు పెట్టినా ఇంగ్లీషు స్పెల్లింగులో మరొక ‘ఏ’ చేర్చమన్నాడు. దీనికి నవ్వకూడదు. కటపయాది లెక్కలో ధ అంటే తొమ్మిది, ర అంటే రెండు, వెనక్కి చదివితే ఇరవై తొమ్మిది. శంకరాభరణం ఇరవై తొమ్మిదో మేళకర్త అని గుర్తుండటానికే దాని ముందు ‘ధీర’ తగిలించారు. కల్యాణికి ‘మేచ’ తగిలించి అరవై అయిదు చేశారు. అంకె కోసం పేరు సాగదీయడానికి శాస్త్రప్రమాణం ఉందన్నమాట. తేడా ఒకటే: అక్కడ రాగం మారలేదు, ఫీజు తీసుకోలేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. బాబు ముత్తాత నర్సింలు. టవరు లేచిన నేలకు కూతవేటు దూరంలో ఎడ్లు కట్టి దున్నినవాడు. గ్రూపులో ఆ పేరు నాయనమ్మ ఒక్కతే అంది. అదీ రాసి కాదు, వాయిస్ మెసేజిలో: ‘మీ తాత పేరు వెట్టుండ్రి బిడ్డా.’ దాని కింద ఎవరో దండం బొమ్మ పెట్టారు. అంటే కుదరదని.

మేం ఆ పేరును పరీక్షకు పెడుతున్నాం. దాని సంస్కృత రూపం నరసింహః. అక్షరాలు నాలుగు: ఆపస్తంబుడికి సమ్మతం. మొదట న, నాదాక్షరం. నడుమ ర, అంతస్థం. చివర విసర్గ. ముందు సగం నామం. వెనక సగం సింహ. అది ‘హింస్’ ధాతువు నుంచి అక్షరాలు తారుమారై పుట్టి ఉండవచ్చునని యాస్కుడు నిరుక్తంలో చెప్పాడు కనుక ఆ షరతూ తీరింది. అంతటితో ఆగొద్దు. వ్యాకరణం ఎందుకు చదవాలంటే కొడుక్కి పేరు పెట్టడానికి కూడా అని మహాభాష్యం మొదటి ఆహ్నికంలో పతంజలి ఒక ప్రయోజనం చూపించాడు. అక్కడ యాజ్ఞికుల మాటగా మరికొన్ని షరతులు చేర్చాడు. మొదటి అచ్చుకు వృద్ధి ఉండకూడదు: న హ్రస్వమే. పేరు పెట్టే తండ్రికి పైనున్న మూడు తరాల్లో ఒకరిని తలపించాలి: ఈ తండ్రికి నర్సింలు సాక్షాత్తు తాత. శత్రువులో స్థిరపడిన పేరు కాకూడదు: నరసింహుడి శత్రువు హిరణ్యకశిపుడు, బాబు తండ్రికి శత్రువు మేనేజరు, ఇద్దరి పేర్లూ వేరు.

నక్షత్రం మిగిలింది. మహారాష్ట్రీ ప్రాకృతంలో నకారం ణకారమవుతుంది. హాలుడి గాథాసప్తశతి ఆ భాషలోదే. ఆయన శాతవాహనుడు, మనకు దూరంవాడు కాదు. జైనుల నమస్కార మంత్రం మొదలయ్యేది కూడా ణకారంతోనే. మల్లినాథుడి కొల్చారంలోనే పార్శ్వనాథుడి నల్లరాతి విగ్రహం నిలబడి ఉంది గనుక ఈ ప్రమాణం కోసం పాత జిల్లా కూడా దాటనక్కరలేదు. ఆ భాషలో నరసింహుడు ణరసీహుడు. హస్త మూడో పాదానికి అక్షరాలా సరి. అనూరాధ ఊసు లేదు, రాశి కదలలేదు. సిద్ధాంతిగారికి ఫోనులో ఇది వినిపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

డాలస్ మేనత్త మాత్రం ణ అనగానే లైను కట్ చేసింది.

ఇదే పరీక్ష రియాన్ష్‌కు పెడితే? మొదట ర, నాదాక్షరమే. అక్షరాలు రెండు, మొదటి అచ్చు హ్రస్వం, నడుమ య ఉంది. మార్కులు అక్కడితో సరి. చివర దీర్ఘం లేదు, విసర్గ లేదు. ముందున్న ‘రియా’కి సంస్కృత నిఘంటువులో ఇల్లు లేదు. మూడు తరాల్లో ఎవరినీ తలపించదు. శత్రువులకు లేని పేరేనా అంటే, పక్క టవరులో పార్కింగు తగాదా ఉన్న ఆయన కొడుకు పేరు అదే.

తాత్పర్యం

ఓ సభ్యులారా! మా బాబుకు వేల ఏళ్ల నాటిదై, నిన్ననే పుట్టినట్టుండి, చిన్నదై, వంశంలో ఎవరికీ లేనిదై, రేపటికల్లా దొరికే పేరు చెప్పండి, అని తండ్రి ప్రార్థన. అలాంటిది లేదు. శాస్త్రం, నక్షత్రం, వంశం మూడింటికీ సరిపడేది నర్సింలు ఒక్కటే, దాన్నే కాదన్నారు. బాబుని అందరూ ఇప్పటికే బన్నీ అంటున్నారు, పలుకుతున్నాడు కూడా.

కవికి ఎవరూ చెప్పని సంగతి: చట్టం అడిగేది ఇరవై ఒక్క రోజుల్లో పుట్టుకను నమోదు చేయమనే, పేరును కాదు. పేరు గడి ఖాళీగా వదలవచ్చు. పద్నాలుగో సెక్షను, దాని నిబంధనల ప్రకారం పన్నెండు నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా సావకాశం ఉంది. కాబట్టి పాఠకుల్లో ఎవరైనా ఈ బాబుకు పేరు సూచించదలిస్తే తీరిగ్గా పంపండి. మీ ముత్తాత పేరేమిటో ముందు రాసి, దాని కింద మీ సూచన రాయండి. పై వరుస ఖాళీగా ఉన్నవి పరిశీలించబడవు.