ఫోన్‌లో చదివిన మెయిల్‌ను లాప్‌టాప్‌లో చదవనట్టే ఉంచడం ఎలా

కొత్తగా మెయిల్ యాప్ రాసే పని మీ నెత్తిన పడిందని తెలిసింది. శుభం. ఈ రంగంలో పేరు తెచ్చుకోవాలంటే ఒకటే లెక్క. వాడేవాడి ఫోన్‌లో చదవని మెయిళ్లు 14 కనబడాలి, లాప్‌టాప్‌లో 9 కనబడాలి, బ్రౌజర్ తెరిస్తే ఒక్కటీ ఉండకూడదు. మూడూ ఒకే అంకె చూపించాయంటే మీరు పనిమీద శ్రద్ధ పెట్టనట్టే. అయితే సర్వర్‌కు తెలిసింది క్లయింట్‌కు, క్లయింట్‌కు తెలిసింది సర్వర్‌కు సకాలంలో చేరకుండా చూడడం అనుకున్నంత తేలిక కాదు. నలభై ఏళ్లుగా బుర్రున్నవాళ్లు దానికి మార్గాలు కనిపెట్టి, ఆర్ఎఫ్‌సీలనే పత్రాలుగా రాసి, ఊరికే పంచిపెట్టారు. వాటన్నిటినీ ఒడుపుగా తప్పించుకుంటూ నడవాలి.

మరీ బద్ధకస్తులైతే పాప్ ఉంది. 1984లో పుట్టి, 1988లో మూడో రూపానికి వచ్చి అక్కడే స్థిరపడింది. మోడెం గీపెట్టే కాలంలో దాని పద్ధతి సబబే: డయల్ చెయ్, ఉన్నవన్నీ దింపుకో, అక్కడివి చెరిపెయ్, లైను పెట్టెయ్. ఇంట్లోకి రెండో పరికరం వచ్చాక ఏది ముందు తెరిస్తే మెయిల్ దానిదే అయింది. సర్వర్‌లో కాపీ ఉంచమనే సదుపాయమూ ఉంది లెండి. అప్పుడు ఫోన్‌లో చదివినవన్నీ లాప్‌టాప్‌కు కొత్తవే. ఇక్కడ అంతా దానంతటదే చెడుతుంది కాబట్టి మీ ప్రతిభకు చోటు తక్కువ.

సత్తా చూపాల్సింది ఐమ్యాప్ మీద. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ దీన్ని మొదలుపెట్టాడు. ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి, చదివిందీ చదవందీ అక్కడే గుర్తుంటుంది, ఎక్కణ్ణుంచి చూసినా ఒకటే పెట్టె. 1994లో నాలుగో రూపం, 2003లో దానికి సవరణ, 2021లో మరో సవరణ వచ్చాయి. ఆలోచన గట్టిది. అంత గట్టిదాన్ని పాడుచేయాలంటే లోపలి కీళ్లు తెలియాలి.

నంబర్లతో మొదలెడదాం. ఐమ్యాప్‌లో ప్రతి ఉత్తరానికీ రెండు నంబర్లుంటాయి. ఒకటి వరస నంబరు, ఫోల్డర్‌లో అది ఎన్నోదని చెప్పేది. మూడోదాన్ని తీసేస్తే నాలుగోది మూడోదవుతుంది. ఇంకోటి యూఐడీ. ఆ ఫోల్డర్‌లో ఒక ఉత్తరానికిచ్చాక అది మారదు, మరో ఉత్తరానికి ఇవ్వరు. మీరు వరస నంబర్లనే నమ్ముకోండి. కనెక్షన్ ఉన్నంతసేపూ సర్వర్ మార్పులు చెబుతూ ఉంటుంది కాబట్టి పెద్ద ప్రమాదం జరగదు. అయినా నిరాశపడకండి. శంషాబాద్‌లో విమానం ఎక్కినవాడు గాల్లో ఉండగా పన్నెండో ఉత్తరాన్ని తీసేయమని నొక్కుతాడు. ఆ పన్నెండును అలాగే రాసి దాచండి. అతను ఢిల్లీలో దిగేలోపు ఇంట్లో తెరిచి ఉన్న లాప్‌టాప్ ఐదోదాన్ని ఊడ్చేసి ఉంటుంది. దిగి నెట్ ఆన్ చేయగానే ఇప్పటి పన్నెండోది పోతుంది. అది ఎవరి ఉత్తరమన్నది వాళ్ల ప్రాప్తం.

యూఐడీలు వాడక తప్పదంటారా, అక్కడా దారుంది. ప్రతి ఫోల్డర్‌కూ యూఐడీ వాలిడిటీ అని ఒక అంకె ఉంటుంది. అది మారిందంటే క్లయింట్ తనకు తెలిసిన నంబర్లన్నీ చెల్లవని గ్రహించి, దాచుకున్నదంతా పారేసి మొదట్నుంచీ దింపుకోవాలి. సర్వర్ నడిపేవాళ్లకు ఇంతకు మించిన ఆయుధం లేదు. ఆదివారం రాత్రి పాత సర్వర్ నుంచి కొత్తదానికి మెయిళ్లు తరలించేటప్పుడు ఈ అంకెను కాపాడాలని తాపత్రయపడకండి. సోమవారం పొద్దున 200 మంది ఉద్యోగులు, ఒక్కొక్కరి పెట్టెలో 10 జీబీ, అందరూ ఒకేసారి దింపుకుంటారు. మొత్తం 2 టీబీ. ఆఫీసు లైను ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంకా పై తరగతికి వెళ్లాలనుకునేవారు దీన్నే తిరగేసి చేయొచ్చు. యూఐడీలన్నీ మార్చేసి ఆ ఒక్క అంకెను మాత్రం పాతదే ఉంచాలి. అప్పుడు క్లయింట్ ఏదీ పారేయదు. కరెంటు బిల్లు అన్న సబ్జెక్టు నొక్కితే మేనమామగారి మనవడి పెళ్లి శుభలేఖ తెరుచుకుంటుంది. ఫిర్యాదు చేసినవాణ్ణి ఎవరూ నమ్మరు, ముందు కళ్లజోడు మార్పించుకోమంటారు.

ఇక అసలు కీలకానికి వద్దాం. కిరాణా కొట్లో ఖాతా ఉన్నవాళ్లెవరూ నెలాఖరున పుస్తకం మొదటి పేజీ నుంచి చదివించుకోరు. "మా దగ్గర పదో తారీఖు దాకా రాసుంది, ఆ తర్వాతవి చెప్పండి షావుకారుగారూ" అంటారు, రెండు లైన్లలో తేలిపోతుంది. మొదటి ఐమ్యాప్‌లో ఈ ప్రశ్న అడిగే వీలే లేదు. 50,000 ఉత్తరాలున్న ఫోల్డర్‌లో ఒక్కదాన్ని ఇంకో చోట చదివారని తెలియాలంటే క్లయింట్ 50,000 ఉత్తరాల గుర్తులూ అడగాలి, సర్వర్ 50,000 లైన్లూ ఒప్పజెప్పాలి. ఏవి పోయాయో తెలియాలంటే రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకుని లేనివి ఏరుకోవాలి.

ఈ ముచ్చట 2006లో చెడింది. కాండ్‌స్టోర్ అనే పొడిగింపు వచ్చి, మార్పు జరిగినప్పుడల్లా పెరుగుతూపోయే అంకె ఒకటి ఇచ్చింది. ఫలానా అంకె తర్వాత ఏం మారాయని అడిగితే చాలు. 2008లో క్యూరీసింక్ వచ్చి, పోయినవాటి కబురు కూడా చెప్పడం మొదలెట్టింది. 2014లో రెంటినీ కలిపి ఒకే పత్రం చేశారు. కంగారుపడకండి, ఇవి ఇష్టమైతే వాడుకునే పొడిగింపులు మాత్రమే. కనెక్ట్ కాగానే సర్వర్ తనకు ఏమేం వచ్చో గడగడా చెబుతుంది. మీ క్లయింట్ ఆ వరస వినాలని రూలేం లేదు. సర్వర్ రాసేవారైతే మరీ హాయి. క్లయింట్లేవీ అడగడం లేదని మీరు రాయరు, సర్వర్లేవీ ఇవ్వడం లేదని క్లయింట్లవాళ్లు రాయరు. ఈ ఒప్పందం మీద ఎవరూ సంతకం పెట్టలేదు, ఇంతవరకూ పెద్దగా ఎవరూ తప్పనూ లేదు.

కొత్త మెయిల్ వచ్చిందన్న కబురు సంగతి చూద్దాం. దానికి 1997 నుంచి ఐడిల్ ఉంది. క్లయింట్ లైను తెరిచిపెట్టి ఊరుకుంటుంది, ఏదైనా వస్తే సర్వరే చెబుతుంది. అరగంట కదలిక లేకపోతే సర్వర్ లైను తెంచవచ్చు కాబట్టి 29 నిమిషాలకోసారైనా ఆపి మళ్లీ మొదలెట్టమని ఆ పత్రంలోనే రాశారు. మీరు ఆ 29నే వేదవాక్కుగా పట్టుకోండి. ఉలుకూ పలుకూ లేని కనెక్షన్లను మొబైల్ నెట్‌వర్కులు అంతకు చాలా ముందే మరిచిపోతాయి, పైగా ఆ సంగతి రెండు కొసల్లో ఎవరికీ చెప్పవు. సర్వర్ చెబుతూనే ఉంటుంది, ఫోన్ వింటూనే ఉంటుంది. పదకొండింటికి ఇంటర్వ్యూకు రమ్మన్న మెయిల్‌ను కుర్రాడు సాయంత్రం నాలుగింటికి చూస్తాడు. అప్పటిదాకా ఎంత ప్రశాంతంగా ఉన్నాడో గమనించండి, అది మీ చలవే.

పైగా ఐడిల్ ఒక కనెక్షన్‌లో ఒక ఫోల్డర్‌నే కాస్తుంది. ఫిల్టర్ పెట్టి బ్యాంకు మెయిళ్లను వేరే ఫోల్డర్‌లోకి మళ్లించుకున్న బుద్ధిమంతుడికి ఆ ఫోల్డర్ తెరిచేదాకా ఏమీ తెలియదు. అన్నిటినీ కాయాలంటే ఫోల్డర్‌కో కనెక్షన్ పెట్టాలి. జీమెయిల్ ఒక ఖాతాకు ఒకేసారి 15కు మించి ఒప్పుకోదు. అన్ని ఫోల్డర్లనూ ఒకే కనెక్షన్‌లో కాసే నోటిఫై 2009లోనే వచ్చింది. దాని ఊసెత్తకండి.

ఫోల్డర్ల పేర్ల విషయంలో మాత్రం మీకు ముందువాళ్లు దారి చక్కగా వేసి పెట్టారు. పంపిన ఉత్తరాలను ఒక ప్రోగ్రామ్ 'సెంట్'లో పెడుతుంది, ఇంకోటి 'సెంట్ ఐటమ్స్'లో, మరోటి 'సెంట్ మెసేజెస్'లో, జీమెయిల్ 'సెంట్ మెయిల్'లో. ఏది దేనికో సర్వరే గుర్తు వేసి చెప్పే పద్ధతి 2011లో వచ్చింది. మీరు ఆ గుర్తు చూడకుండా ఐదోది తయారుచేయండి, మాతృభాష మీద మమకారంతో దానికి 'పంపినవి' అని పేరు పెట్టండి. పాత ఐమ్యాప్‌లో ఫోల్డర్ పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనే ప్రయాణించాలి. తెలుగు పేరును అది ఓ సంకేత భాషలోకి మార్చుకుంటుంది. 'బిల్లులు' అన్న ఫోల్డర్ ఉందనుకోండి. మన కంటికి మూడక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఎనిమిది, తీగ మీదకొచ్చేసరికి ఆంపర్‌సాండ్‌తో మొదలై హైఫన్‌తో ముగిసే 24 గుర్తుల తోక. తెలుగక్షరంతో మొదలయ్యే ఏ పేరైనా ఈ వేషంలో ఆంపర్‌సాండ్, ఆ వెంటనే 'డి' తోనే బయల్దేరుతుంది. దాన్ని తిరిగి తెలుగులోకి మార్చే నాలుగు లైన్ల కోడ్ మీరు రాయకపోతే చాలు. వాడేవాడు ఆ 24 గుర్తులూ చూసి వైరస్ అనుకుని ఫోల్డర్ మొత్తం తీసేస్తాడు. 2021 సవరణ మామూలు యూనికోడ్ పేర్లను నేరుగా ఒప్పుకుంటుంది, కానీ అంత కొత్తదాన్ని అప్పుడే నమ్మడం ఎందుకు?

తీసేయడం కూడా ఒక కళ. ఐమ్యాప్‌లో తీసేయడమంటే ముందు గీత కొట్టడం, తర్వాత ఎక్స్‌పంజ్ అని ఊడ్చేయడం. కొన్ని యాప్‌లు గీత కొట్టి చూపిస్తాయి, కొన్ని దాచేస్తాయి, కొన్ని చెత్తబుట్టలోకి మారుస్తాయి. 2013లో మూవ్ వచ్చేదాకా మార్చడమంటే అక్కడికో కాపీ, ఇక్కడ గీత, ఆపైన ఊడుపు. మీరు ఆ మూడంచెల పద్ధతినే కొనసాగించండి. మొదటి అంచెకూ రెండోదానికీ మధ్య లిఫ్ట్ తలుపు మూసుకుని సిగ్నల్ పోతే ఉత్తరం రెండు చోట్లా ఉంటుంది. జీమెయిల్‌తో ఇంకా సరదా. 2007లో ఐమ్యాప్ ఇచ్చినప్పుడు అది తన లేబుళ్లకు ఫోల్డర్ల వేషం వేసింది. మూడు లేబుళ్లున్న ఉత్తరం మూడు ఫోల్డర్లలోనూ, 'ఆల్ మెయిల్'లోనూ దర్శనమిస్తుంది. మీ యాప్ నాలుగుసార్లూ దింపుకోవాలి. సెట్టింగులు ముట్టుకోకపోతే అక్కడ గీత కొట్టి ఊడ్చింది ఆర్కైవ్ అవుతుందంతే. పోయిందనుకున్న ఉత్తరం 'ఆల్ మెయిల్'లో క్షేమంగా ఉంటుంది.

పంపడంలోనూ మీ వంతు చేయండి. పంపే దారి ఎస్ఎంటీపీ, దాచే దారి ఐమ్యాప్, ఒకదానికొకటి చుట్టరికం లేదు. 20 ఎంబీ ఫైలు జతచేస్తే మెయిల్ మూటగట్టే పద్ధతిలో అది సుమారు 27 అవుతుంది. అవతలివాళ్లకు పంపడానికి ఒకసారి, మన 'పంపినవి'లో పెట్టడానికి ఇంకోసారి ఎక్కించాలి. కొన్ని సర్వర్లు తామే కాపీ పెట్టేస్తాయి. అదేమీ చూడకుండా మీరూ ఒకటి పెట్టండి.

ఇన్ని చేశాక ఫోన్లు వస్తాయి. వాటికి మందు ఒకటే, అది ఈ దేశంలో మెయిల్ వాడే అందరికీ తెలుసు. విదేశాల్లో ఉన్న కొడుకులూ అన్న కొడుకులే మనకు హెల్ప్‌డెస్క్ కాబట్టి, గుంటూరు నుంచి డాలస్‌కు నడిచే సంభాషణ ఇలా ఉంటుంది:

"ఒరేయ్ నానీ, నువ్వు పంపానన్న కాగితం నాకు రాలేదురా."

"బాబాయ్, ఓసారి అకౌంట్ తీసేసి మళ్లీ యాడ్ చెయ్."

"చేశాన్రా. నీ కాగితం వచ్చింది. నేను రాసుకుంటున్నది పోయింది."

"ఏం రాసుకుంటున్నావు?"

"పెన్షన్ గురించి ట్రెజరీకి అర్జీ. డ్రాఫ్ట్‌లో పెట్టా. నాలుగు పేజీలు."

ఇక్కడ తప్పు నానీది కాదు. దాచుకున్నదంతా పారేసి మొదట్నుంచీ దింపుకోవడమన్నది అన్ని యాప్‌లకూ అన్ని సర్వర్లకూ సరిగ్గా వచ్చిన ఏకైక సింక్ పద్ధతి, అందుకే అది ఎప్పుడూ పనిచేస్తుంది. డ్రాఫ్ట్ పోవడం మీ చేతిమాటు. ఐమ్యాప్‌లో ఒకసారి పెట్టిన ఉత్తరంలో అక్షరం కూడా మార్చలేరు. సేవ్ చేసినప్పుడల్లా కొత్తది పెట్టి పాతది తీసేయాలి. అది విసుగు గనక డ్రాఫ్టులను సర్వర్‌కు ఎక్కించే పనిని మీరు తర్వాతి వెర్షన్‌కు వాయిదా వేశారు.

మీ జీవనాధారానికి నిజమైన ముప్పు జేమ్యాప్. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌కు చెందిన ఫాస్ట్‌మెయిల్ దగ్గర మొదలై 2019లో ప్రమాణమైంది. వెబ్‌సైట్లు మాట్లాడుకునే హెచ్‌టీటీపీ మీదే నడుస్తుంది. క్లయింట్ తన దగ్గరున్న స్థితి టోకెన్ చూపిస్తే సర్వర్ ఆ తర్వాత వచ్చినవి, మారినవి, పోయినవి మూడు జాబితాలుగా ఇస్తుంది. ఒక ఉత్తరం పది ఫోల్డర్లలో ఉన్నా గుర్తింపు ఒకటే. పంపడమూ అదే దారిలో. ఇన్నేళ్ల మన కష్టాన్ని ఒక్క దెబ్బతో బూడిదలో పోసే పద్ధతి. అదృష్టవశాత్తూ పెద్ద సంస్థలు అడ్డుగా నిలబడ్డాయి. విచిత్రమేమిటంటే జీమెయిల్ సొంత ఏపీఐలోనూ, మైక్రోసాఫ్ట్ గ్రాఫ్‌లోనూ, అంతకుముందటి యాక్టివ్‌సింక్‌లోనూ ఉన్నది ఈ ఖాతా పుస్తకం ప్రశ్నే. జవాబు అందరికీ తెలుసు. ఎవరి ప్రహరీ లోపల వాళ్లు, ఎవరి యాసలో వాళ్లు చెప్పుకుంటున్నారు.

రేపు ఎవరైనా జేమ్యాప్ కావాల్సిందేనని పట్టుబట్టినా బెంగపడకండి. పాత టోకెన్ నుంచి మార్పులు లెక్కకట్టలేకపోతే ఆ మాటే చెప్పేయడానికి సర్వర్‌కు అందులో అధికారికంగా ఒక ఎర్రర్ ఉంది. అది వినగానే క్లయింట్ తను దాచుకున్నవి చెల్లవనుకోవాలి. ఎప్పుడూ అదే జవాబిస్తే భారం తడిసి మోపెడవుతుందని ఆ పత్రంలోనే హెచ్చరించి, గత 30 రోజుల్లో ఇచ్చిన టోకెన్లకైనా లెక్క చెప్పగలిగితే బాగుంటుందని సలహా ఇచ్చారు. సలహాయే గనక, మీ సర్వర్‌ను ప్రతి టోకెన్‌కూ ఆ ఎర్రరే ఇచ్చేలా రాయండి. ప్రకటనలో మాత్రం 'జేమ్యాప్ సదుపాయం కలదు' అని పెద్దక్షరాలతో వేయించండి.