హేజెల్ చెట్టు ఆసామి

ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో ఆగస్టు రాగానే ఒక రకం పెద్దమనిషి కనిపిస్తాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. పెరట్లో గట్టి చిప్పల కాయలు కాసే హేజెల్ చెట్లు రెండు, మెడలో బైనాక్యులర్స్. పక్షుల కోసం అనుకునేరు, ఉడుతల కోసం.

చెట్లు రెండెందుకంటే, హేజెల్ సొంత పుప్పొడితో కాయదు. గాలివాటున వేరే రకం పుప్పొడి వచ్చి పడాలి. ఫిబ్రవరి చలిలో పసుప్పచ్చని పూలగుత్తులు వేలాడగానే ఆసామి డబ్బాలు కడిగి ఆరబెడతాడు. భార్య ఏమీ అనదు. నిరుడు వాటిలో ఏం నిల్వ చేశారో ఆవిడకు గుర్తే: గాలి.

శత్రువు బూడిదరంగు ఉడుత. 1876లో చెషైర్‌లోని హెన్‌బరీ పార్కులో ఒక దొరగారు ముచ్చటపడి అమెరికా జంటను వదిలారు. ఆయన్ను చూసి మరికొందరూ వదిలారు. వీపున చారల్లేవు, రాములవారు నిమిరిన జాతి కాదు. కాయ గోధుమరంగు తిరిగేదాకా మనిషి ఆగుతాడు, అది ఆగదు. పచ్చిగా ఉండగానే తెంపుకుపోయి, తాలుకాయలు మాత్రం మర్యాదగా ఆసామికి వదులుతుంది.

"పచ్చివే కోసెయ్యరాదూ? ఊరంతా అలాగే తింటోందిగా" అంటుంది భార్య. నిజమే, అక్కడ ఆ రోజుల్లో పచ్చికాయలే అమ్ముతారు. ఈయనకేమో క్రిస్మస్‌కు నిల్వకాయ కావాలి. వల కడితే ఉడుత కొరికేసింది. కారం చల్లితే వాన కడిగేసింది. బోనులో పట్టి ఊరవతల వదులుదామంటే చట్టం ఒప్పుకోదు: పట్టిన బూడిద ఉడుతను వదలడం నేరం, చంపాల్సిందే. ఆ సంగతి తెలిసిన రోజే బోను అటకెక్కింది.

ఓడినా విచారణ మానడు. రాలిన చిప్పలు ఏరి భూతద్దం పెడతాడు. రెండు చెక్కలైతే ఉడుత. చిల్లు అంచున పళ్లగాట్లుంటే ఎలుక. సన్నటి గుండ్రటి రంధ్రమైతే ముక్కుపురుగు పిల్ల బయటపడిన దారి. లోపలి అంచు నున్నగా ఉంటే డార్మౌస్, అపురూపమైన ప్రాణి. దాని ఆచూకీ కోసం 1993లో జనం పనిగట్టుకుని అడవుల్లో చిప్పలు వెతికారు. అది తిన్నదని తేలితే ఈయనకు కోపం రాదు సరికదా, చిప్పకు ఫొటో తీసి వచ్చినవాళ్లకల్లా చూపిస్తాడు.

మిగిలిన గుప్పెడు కాయలకు జరిగే మర్యాద చూడాలి! పైపొర ఒలిచి, జల్లెడలో ఒక్క వరసగా పరిచి, రోజూ కలియబెడతాడు. ఇంగ్లండు ఎండను నమ్మితే బూజే గతి కనుక ఇదంతా గాలాడే గదిలోనే. పలుకు లోపల గలగలమన్నాక వలసంచీకెత్తి షెడ్డు దూలానికి వేలాడదీస్తాడు.

దూలమెక్కడం ఎలుకకు తెలుసు.

ఉడుతలు పాతిపెట్టి మరిచిన గింజలు వసంతంలో పక్కింటి పచ్చికలో మొలకెత్తుతాయి. ఆసామి వాటిని తవ్వి కుండీల్లో నాటి, ఇరుగుపొరుగుకు పంచడానికి బయల్దేరతాడు. వాళ్లు తలుపు తీసేముందు కిటికీలోంచి చూసుకుంటారు.