రెండో శనివారం చైనా భోజనం

మీ ఇంట్లో సంగతి నాకు తెలియదు గానీ, మా ఇంట్లో నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని ఏ పని చేసినా అది నా మెడకే చుట్టుకుంటుంది.

రెండో శనివారం సెలవుకి పట్నం పోయి అసలైన చైనీస్ హోటల్లో తిందామని నేనే నోరు జారాను. మెదక్‌లో మాకు చైనా అంటే రాందాస్ చౌరస్తా దగ్గర పొద్దుగూకాక వెలిగే బండి. నల్లటి కడాయి, ఎగిసే మంట, గోబీ మంచూరియా. ఆ ప్లేటు పట్టుకుని, "ఇది అసలు చైనీసే కాదండీ" అని పక్కవాళ్లకి చెప్పడం నాకో సరదా. తినడం మాత్రం మానను.

ఇక రెండు వారాలు ఒకటే పరిశోధన. డైరీలో ఒక పేజీకి నాన్‌కింగ్, ఎదురు పేజీకి మెయిన్‌ల్యాండ్ చైనా. మొదటిది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, పాత పేరు, జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగితే దగ్గర. రెండోది బంజారాహిల్స్‌లో. ఆటో ఖర్చు దండిగా అవుతుంది గానీ, తిరిగొచ్చాక చెప్పుకోడానికి బాగుంటుంది. ఆఫీసులో అడిగితే సగం మంది ఇటు, సగం అటు. ఒకాయన "బిర్యానీ తినక ఇదేం రోగం సార్" అన్నాడు. ఆయన ఓటు లెక్కలోకి తీసుకోలేదు. ఎక్కడ రొయ్యలు చెప్పాలి, ఎక్కడ చేప చెప్పాలి, అన్నీ ఎర్రసిరాతో రాసుకున్నాను.

వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణం. ఊరుకుంటానా? "మంచూరియా పుట్టింది చైనాలో కాదు తెలుసా? కలకత్తాలో పుట్టిన చైనా ఆయన, నెల్సన్ వాంగ్, 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో చేశాడు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్..."

మా ఆవిడ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. "అల్లం, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి అంటే మన కూరనే గదా. గీనికి పట్నం దాక ఎందుకు?"

బస్సు దిగి డైరీ తీశాను. పార్క్‌లేనా, బంజారాహిల్సా? ఎండలో పావుగంట నిలబడి మా ఆవిడకీ, అమ్మాయికీ లాభనష్టాలు వివరించాను. అంతా విని మా ఆవిడ చల్లగా అంది: "ఏడికైనా తోల్కపోండ్రి. నాకైతే ఇయ్యాల శనివారం."

శనివారం! రెండు వారాలు సెలవు చూశానే గానీ వారం చూడలేదు. ఆమె వెంకటేశ్వరస్వామి వారం గత ఇరవై ఏళ్లలో ఒక్కటి తప్పలేదు.

"మీరు తినుండ్రి. నేను వద్దన్ననా?"

ఈ మాటకి అర్థం పెళ్లయినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

చివరికి ఏ హోటల్లో కూర్చున్నామో అడగకండి. నా పరువుతో పాటు వాళ్ల పేరెందుకు? ఆటో డ్రైవర్‌తో మాట్లాడి ఖాయం చేసింది మా అమ్మాయి. తనకి చికెన్ చెప్పుకుంది, దానికి వారాలు లేవు. మా ఇద్దరికీ వెజ్ నూడుల్స్, గోబీ మంచూరియా. అవును, అదే గోబీ.

కనీసం పుల్లలతోనన్నా తిందామని చాప్‌స్టిక్స్ అడిగాను. మొదటి ముద్ద చొక్కా జేబులో పడింది. రెండోది ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. మా అమ్మాయి కొరియా సీరియళ్లు చూసి పెన్సిళ్లతో సాధన చేసిందట, టకటకా తినేస్తోంది. మా ఆవిడ మాట్లాడకుండా స్పూను నా వైపు జరిపింది.

మర్నాడు సాయంత్రం మా చౌరస్తా బండి అబ్బాయి అడిగాడు, "పట్నంల ఎట్లుండె సార్?" నేను గొంతు సవరించుకునేలోపే మా ఆవిడ, "నీ గోబీనే కొంచెం కారం ఎక్కువుంటది తమ్మీ" అనేసింది. ఆ పూట వాడు మాకు ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువ వేశాడు.

గుర్తుగా తెచ్చుకున్న చాప్‌స్టిక్స్‌లో ఒకటి మా అమ్మాయి కొప్పులో ఉంది. రెండోది పెరట్లో బీరతీగకి ఊతం. నీళ్లు పోసే పని నాది.